తొమ్మిది వందలు తగ్గిన రవ్వ

నూజివీడులో రాఘవయ్య నోట ఒక సరుకును మెచ్చుకున్న మాట విన్నవాళ్ళు లేరు. మామిడి తోటల కాపును పూత మీదే కొనేసే వ్యాపారం ఆయనది. పుష్యమాసంలో ముసునూరు వైపో విస్సన్నపేట వైపో వెళ్ళి, చెట్టు చెట్టూ విరగబూసి ఉన్న తోటలో అడుగు పెట్టగానే మొహం చిట్లించేవాడు. "అబ్బే, ఏం పూతండీ ఇది? తేనెమంచు పట్టేసింది. సగం రాలిపోతుంది, చూస్తూ ఉండండి" అనేవాడు. ఆసామి గుండె గుభేలుమనేది. మర్నాడు అదే తోటని ఆయన చెప్పిన ధరకే ఇచ్చేవాడు. వేసవి వచ్చేసరికి ఆ తోటలోంచే రసాలు బళ్ళకి బళ్ళు బాపులపాడు దగ్గరి స్టేషనుకి వెళ్ళి రైలెక్కేవి.

ఇది మోసం కాదా అని మీరడగవచ్చు. ఆయన దృష్టిలో కాదు. బేరమన్నాక వంక పెట్టాలి, పెట్టకపోతే ఎదుటివాడు మనల్ని వెర్రివాళ్ళ కింద జమకడతాడు. ఇదే ఆయనకి తెలిసిన చదువు. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో అందరికీ అన్నం పెట్టిందీ అదే.

అంతటి బేరగాడికి ఒక్క విషయంలో మాత్రం తల ఎత్తుకోలేని పరిస్థితి ఉండేది. పెళ్ళయిన రెండో ఏడు, అంటే నలభై మూడులో, మొట్టమొదటి తోటకి బయానా ఇవ్వటానికి చేతిలో చిల్లిగవ్వ లేక భార్య సుభద్ర ముక్కుపుడక తీసుకెళ్ళి అమ్మేశాడు. వాళ్ళమ్మ తన ముక్కున ఉన్నది తీసి కూతురికి పెట్టిన రవ్వల ముక్కుపుడక అది. "కాపు చేతికి రానీ, ఇంతకంటే పెద్ద రవ్వ తెస్తాను" అన్నాడు. ఆ ఏడు గాలివాన కొట్టి కాయంతా నేలపాలయింది. తర్వాత పురుళ్ళు, పిల్లల చదువులు, ఇల్లు, ఏటికేడు ఏదో ఒకటి. సుభద్ర ఒక తెల్లరాయి పెట్టుకుని పందొమ్మిదేళ్ళు గడిపేసింది. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి నాలుగు దులిపేసినా బాగుండేదని రాఘవయ్యకి చాలాసార్లు అనిపించేది.

ఒకసారి ఏలూరులో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరో పెద్దింటావిడ సుభద్ర మొహంలోకి వంగి చూసి, "రవ్వేనా అమ్మా?" అంది. "కాదండీ, తెల్లరాయి" అంది సుభద్ర, ఇవాళ ఏం కూర అంటే దొండకాయ అని చెప్పినట్టు. ఎదుటి బంతిలో కూర్చున్న రాఘవయ్య ఆ మాట విన్నాడు. ఆ పూట ఆయనకి గారె గొంతు దిగలేదు. వచ్చే ఏడు కాదు, పై ఏడు కాదు, ఇక రవ్వ కొని తీరాల్సిందే అనుకున్నాడు.

కొనాలనుకున్నాడు గానీ, రవ్వ అంటే మామిడి పూత కాదుగా. అందులో ఆయన పసివాడితో సమానం. మోసపోతానేమో అన్న భయంతో రెండేళ్ళు ఓపిక పట్టాడు. సరుకు పని మీద బెజవాడ వెళ్ళినప్పుడల్లా తెలిసిన కంసాలి కొట్లో గంటసేపు కూర్చుని వచ్చేవాడు. పొదిగిన నగ కొనకూడదని తెలుసుకున్నాడు. కింద రేకు వేసి పొదిగితే పనికిమాలిన రాయి కూడా ధగధగలాడుతుందట. దీపాల వెలుగులో చూడకూడదు, పొద్దుటిపూట నీడపట్టున తెల్లకాగితం మీద పెట్టి చూడాలి. రాయిలో నల్లచుక్క ఉందా, గీత ఉందా, అన్నిటికంటే ముఖ్యంగా కాకి పాదం లాంటి చీలిక ఉందా చూసుకోవాలి. బరువు రెట్టింపయితే ధర రెట్టింపుతో ఆగదు, మూడింతలు నాలుగింతలు పోతుంది. అందుకని ఒకటిన్నర క్యారెట్ల రాయి అడిగేకంటే దానికి ఒక పిసరు తక్కువది అడిగితే కంటికి తేడా తెలియదు, డబ్బు మాత్రం బోలెడు మిగులుతుంది. ఈ చివరి సంగతి తెలిసిన రోజు రాఘవయ్య హుషారుగా ఈలవేసుకుంటూ బస్సెక్కాడు.

అరవై రెండులో రసాలు విరగకాశాయి. జ్యేష్ఠమాసం చివర్లో, లెక్కలన్నీ తేలాక, రవ్వల బేరాలు కుదిర్చే గంగరాజుకి కబురు పెట్టాడు. గంగరాజుది బాపులపాడు. బక్కపలచని మనిషి, నెమ్మదస్తుడు, రాళ్ళని కాగితం పొట్లాల్లో చుట్టి బనీను లోపలి జేబులో పెట్టుకుని ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. ఆయన తెచ్చిన రాయి ఒకటిన్నరకి పిసరు తక్కువే. కాగితం మీద పెట్టగానే నీటిబొట్టులా నిలిచింది. ధర మూడు వేల ఆరువందలన్నాడు.

"తొందరేం లేదండీ. మామూలేగా, ఎనిమిది రోజులు ఇంట్లో ఉంచుకోండి. అమ్మగారికి అచ్చొచ్చిందనుకుంటేనే మాట్లాడుకుందాం" అన్నాడు గంగరాజు. బయానా లేదు, చీటీ లేదు. రవ్వ బేరంలో అదొక ఆచారం. రాయి ఇంట్లో ఉన్న రోజుల్లో మంచి జరిగితే కొంటారు, ఏ చిన్న కీడు జరిగినా తిరిగి ఇచ్చేస్తారు, ఇచ్చేస్తే అమ్మేవాడు మారుమాట్లాడకుండా పట్టుకెళతాడు.

సుభద్ర ఆ రాయిని వెండిగిన్నెలో బియ్యం పోసి, దాని మీద పెట్టి, దేవుడి ముందు ఉంచింది. రోజూ స్నానం చేసి దానికో పువ్వు పెట్టేది. రాఘవయ్య మాత్రం రోజూ పొద్దున్నే దాన్ని అరుగు మీదికి తెచ్చి భూతద్దం పెట్టి తిప్పితిప్పి చూసేవాడు. చుక్క లేదు, గీత లేదు, కాకిపాదం అసలే లేదు. అయిదో రోజుకి ఆయనకి లోపల్లోపల గుబులు పట్టుకుంది. వంక లేని సరుకు కొనటం ఆయనకి చేతకాదు మరి. దేన్ని పట్టుకుని బేరమాడాలి?

ఆరో రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి లోపలికి వచ్చేసరికి సుభద్ర అద్దం ముందు నిలబడి ఉంది. రవ్వని కాస్త మైనంతో ముక్కుకి అతికించుకుని అటూ ఇటూ తల తిప్పి చూసుకుంటోంది. ఆయన్ని చూసి సిగ్గుపడి నవ్వేసింది. నలభై దాటిన ఆవిడ మొహంలో రాఘవయ్యకి పెళ్ళినాటి పిల్ల కనబడింది. "ఉంచుకో" అని అన్నం ముందు కూర్చున్నాడు.

"అచ్చొచ్చిందండీ ఈ రాయి మనకి" అంది ఎనిమిదో రోజున. "వచ్చిన మర్నాడే ఆవు ఈనింది. అబ్బాయి పరీక్ష పాసయినట్టు ఉత్తరం వచ్చింది. నాకూ ఎప్పుడూ లేంది ఒళ్ళు తెలియకుండా నిద్ర పడుతోంది."

తొమ్మిదో రోజు పొద్దున గంగరాజు వచ్చేసరికి సుభద్ర గుడికి వెళ్ళింది. "ఎలా ఉందండీ రాయి?" అని అడిగాడాయన. బాగుంది అంటే సరిపోయేది. ఆ తర్వాత అటు నూరు ఇటు నూరు లాగి ఏ మూడు వేల మూడొందలకో తేల్చుకోవచ్చు. కానీ ఆ "బాగుంది" అన్న మాట రాఘవయ్య నాలుక మీదికి రాలేదు. జన్మలో ఎప్పుడైనా అంటేగా!

"ఏం చెప్పమంటారండీ" అన్నాడు మొహం దిగేసుకుని. "మూడో రోజు మా ఇంట్లోది దొడ్లో కళ్ళు తిరిగి పడిపోయింది. గంటసేపు తెలివి లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎరగం ఇలాంటిది."

గంగరాజు మొహంలో నెత్తురు లేదు. "అయ్యయ్యో! అమ్మగారికి ఇప్పుడెలా ఉందండీ?" అన్నాడు ముందుగా. ఆ అడగటంలో నటన లేదు. రాఘవయ్యకి చివుక్కుమంది. కానీ బేరం మొదలయిపోయింది, ఇక నోరు తనది కాదు.

"ఫరవాలేదు, లేచి తిరుగుతోంది. రాయి మాత్రం మీరు పట్టుకెళ్ళండి. ఎవరైనా వచ్చి అడిగితే నేను జరిగింది చెప్పక తప్పదు. ఆ పైన మీ ఇష్టం."

కళ్ళు తిప్పి పడేసిన రాయి అన్న పేరొస్తే ఏలూరు నుంచి బందరు దాకా ఎవరూ దాన్ని ముట్టుకోరని గంగరాజుకి తెలుసు. జేబులోంచి పొట్లం కాగితం తీసి మడతలు సరిచేశాడు. చివరికి రాఘవయ్యే, ఏదో ఉపకారం చేస్తున్నవాడిలా, శాంతి చేయించుకుని తానే ఉంచుకుంటానన్నాడు, రెండు వేల ఏడొందలకైతే. రాయి సొంతదారుకి ఏదో ఒకటి చెప్పుకుంటానని గంగరాజు ఒప్పుకున్నాడు. తొమ్మిది వందలు తగ్గింది. ఆయన వెళ్ళాక రాఘవయ్య అరుగు మీద కూర్చుని తన తెలివికి తానే మురిసిపోయాడు. సుభద్రకి ధర చెప్పాడు గానీ, ఎలా తగ్గిందో చెప్పలేదు.

శ్రావణమాసం మొదటి శుక్రవారం సుభద్ర కొత్త ముక్కుపుడక పెట్టుకుంది. వీధిలో నాలుగిళ్ళకి వాయనాలు ఇచ్చి వచ్చింది. ఆవిడ గడప దాటి వస్తుంటే రాఘవయ్య అరుగు మీంచి కళ్ళార్పకుండా చూశాడు. పందొమ్మిదేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాడు. పిచ్చి మనిషి! ఆ సంతోషం సరిగ్గా పదకొండు రోజులు.

పక్క వీధి సత్యవతి మనవరాలికి బారసాల. ఉయ్యాల పాట పాడటానికి సుభద్ర లేకపోతే ఆ వీధిలో బారసాల జరగదు. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని వెళ్ళిన మనిషి గంట తిరక్కుండానే తాంబూలం కూడా లేకుండా ఉత్తచేతులతో వచ్చేసింది. వస్తూనే గుమ్మంలో నిలబడి అడిగింది.

"నేనెప్పుడు పడ్డానండీ?"

రాఘవయ్యకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

"ఉయ్యాల దగ్గరికి వెళితే సత్యవతి అత్తగారు పిల్లని తీసి చీర కొంగు కప్పేసిందండీ. పిల్లకి నా నీడ తగలకుండా. తర్వాత సత్యవతి నన్ను దొడ్లోకి తీసుకెళ్ళి చెప్పింది. 'ఏమనుకోకు వదినా, ఆ రాయి ఇంట్లోకి వచ్చిన మూడో రోజే పడిపోయావటగా, గంటసేపు తెలివి లేదటగా, అయినా ఎందుకు పెట్టుకున్నావు, మీ ఆయన చవగ్గా వచ్చిందని కొనేశాడటగా' అంది. ఊరంతా అనుకుంటున్నారట. నాకే తెలియదు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మా ఆయన అబద్ధం చెప్పాడమ్మా అంటానా? అవును వదినా, కాస్త కళ్ళు తిరిగాయి అన్నాను." గుమ్మం లోపలికి రాకుండానే మళ్ళీ అడిగింది. "నా పేరు చెప్పి ఎంత తగ్గించారేంటి?"

"తొమ్మిదొందలు."

సుభద్ర ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. రాఘవయ్య నచ్చజెప్పబోయాడు. బేరమన్నాక ఇలాంటివి మామూలేనన్నాడు, తోటల దగ్గర రోజూ అనేవేగా అన్నాడు. "నేను తోటనా?" అంది ఆవిడ.

చాలాసేపటికి ఆవిడే లేచి మొహం కడుక్కుని వచ్చి మెల్లిగా చెప్పింది. "అయిందేదో అయింది. ఆ తొమ్మిదొందలు పట్టుకెళ్ళి గంగరాజు గారి చేతిలో పెట్టి, బేరం కోసం అబద్ధం ఆడానని చెప్పండి. డబ్బు చేతిలో పెట్టి చెబితే నమ్ముతాడు. ఆ మాట ఊళ్ళోకి వచ్చింది ఆయన నోటివెంటే కాబట్టి పోగొట్టేదీ ఆయనే."

మర్నాడు తొమ్మిది వందలు రొంటిన దోపుకుని రాఘవయ్య బాపులపాడు బస్సెక్కాడు. దారి పొడుగునా ఇచ్చేద్దామనే అనుకున్నాడు. గంగరాజు ఇంటి వసారాలో కుర్చీ మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ రాయి మహా మంచిదండీ గంగరాజు గారూ. మా ఇంట్లోది పడనూ లేదు, ఏమీ లేదు. ఊరికే బేరం కోసం అన్నాను."

గంగరాజు ఆయన వంక జాలిగా చూసి తలాడించాడు. "అలాగా అండీ. ఎవరికి అమ్ముదామనుకుంటున్నారు?"

"అమ్మటం కాదండీ బాబూ, నిజం చెబుతున్నాను!"

"నిజమే కావచ్చండీ. కానీ రాఘవయ్య గారు సరుకు బాగుందంటే, అమ్మకానికి పెట్టారనే అనుకుంటారు ఎవరైనా. అమ్మగారు పడలేదని ఆవేళే అంటే ఆ సొంతదారుకి న్యాయం జరిగేది. ఆవిడ విధవ మనిషి. రాయికి కీడు పేరు వచ్చిందని చెబితే ఏడ్చి ఒప్పుకుంది."

రాఘవయ్య చెయ్యి రొంటి దాకా వెళ్ళింది. ఇప్పుడు ఇచ్చేస్తే నమ్ముతాడు. మరి ఇచ్చాక కూడా నమ్మకపోతే? పరువూ పోయి డబ్బూ పోతుంది. అయినా కుదిరిపోయిన బేరానికి మళ్ళీ పైసలు కలిపి ఇచ్చేవాడు భూప్రపంచంలో ఉంటాడా? చెయ్యి కాసేపు అక్కడే ఉండి వెనక్కి వచ్చేసింది. కండువా సవరించుకుని, నమస్కారం పెట్టి, లేచి వచ్చేశాడు.

"నమ్మలేదు" అన్నాడు ఇంటికొచ్చి.

"డబ్బిచ్చారా?"

రాఘవయ్య రొంటిలోంచి నోట్లు తీసి ఇనప్పెట్టెలో పెట్టాడు. సుభద్ర అది చూసి లోపలికి వెళ్ళి కుంపటి రాజేసుకుంది.

ఆ తర్వాత ఆయన తిరగని చోటు లేదు. కొట్ల దగ్గర, గుడి దగ్గర, సంతలో, ఎవరు కనబడినా రవ్వ ప్రస్తావన తెచ్చి పొగిడేవాడు. అంత పొగడ్త ఆయన నోట ఎప్పుడూ విని ఉండని జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. "పాపం, వదిలించుకోవాలని చూస్తున్నాడు" అని నవ్వుకునేవాళ్ళు. సుభద్ర పేరంటాలకి వెళ్ళటం మానేసింది. ముక్కుపుడక మాత్రం తియ్యలేదు. "రాయి ఏ పాపమూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు, ఎందుకు తియ్యాలి?" అనేది. ఇంట్లో వంట చేస్తూ, ఆవుకి కుడితి పెడుతూ, ఆ రవ్వ పెట్టుకునే తిరిగేది. ఊరంతా చూడాలని కొన్న రవ్వని రాఘవయ్య ఒక్కడే చూస్తూ కూర్చునేవాడు. చూసినకొద్దీ ఆయన మనసులో ఒక పాడు అలవాటు మొదలయింది. ఆవిడ దగ్గితే ఉలిక్కిపడేవాడు. తుమ్మితే రాయి వంక చూసేవాడు.

భాద్రపదంలో సుభద్రకి జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో పోతుందనుకుంటే వారం దాటినా వదల్లేదు. డాక్టరు వచ్చి చూసి టైఫాయిడ్ అన్నాడు. భయం లేదు, ఇప్పుడు మంచి మందు వచ్చింది, ఆరేసి గంటలకి ఒక గొట్టం మాత్ర మింగించండి, నాలుగైదు రోజుల్లో దారికొస్తుంది అన్నాడు. రోజూ వచ్చి చూసి వెళ్ళటానికి జోజమ్మ అనే నర్సుని పురమాయించాడు. జోజమ్మ వేళ తప్పకుండా వచ్చి, థర్మామీటరు పెట్టి, చీటీ మీద రాసి, గంజి తాగించి వెళ్ళేది.

మందు మొదలుపెట్టిన మొదటి రోజు జ్వరం తగ్గలేదు. సుభద్ర పెదాలు ఎండిపోయి, కళ్ళు లోతుకి పోయి మంచానికి అంటుకుపోయింది. ఆ వాడిన మొహంలో రవ్వ ఒక్కటే కళకళలాడుతోంది. సాయంత్రం మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్న రాఘవయ్యకి దాని మీంచి చూపు మళ్ళలేదు. ఏమైనా అయితే? నా నోటివెంట వచ్చిన మాట నిజమైపోతే?

"సుభద్రా."

"ఊఁ."

"ఆ ముక్కుపుడక కాస్త తీసెయ్యకూడదూ? నయమయ్యాక పెట్టుకుందువుగాని."

సుభద్ర కళ్ళు తెరిచి ఆయన వంక చూసింది. "ఎందుకు?"

"ఊరికే. నీరసంగా ఉన్నావుగా."

"మీరు కూడా నమ్ముతున్నారా?" అంది.

లేదు అనాలి. నేనే కల్పించింది, నేనెందుకు నమ్ముతాను అనాలి. రాఘవయ్యకి ఆ మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి గానీ పెదవి దాటలేదు. పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు. సుభద్ర సీల తిప్పి, ముక్కుపుడక తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"మీ భయం చూడలేక తీస్తున్నాను. నాకే భయమూ లేదు. ఊళ్ళో ఎవరేమనుకున్నా, అది అబద్ధమని ఈ ఇంట్లో ఇద్దరికి తెలుసు కదా అనుకుని పెట్టుకున్నానండీ ఇన్నాళ్ళూ."

రాఘవయ్య దాన్ని పట్టుకెళ్ళి ఇనప్పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాడు.

నాలుగో రోజు పొద్దున జోజమ్మ థర్మామీటరు వెలుగులోకి పట్టి చూసి, మొహం విప్పార్చుకుని, "నార్మల్ అండీ అయ్యగారూ! మందు బాగా పట్టింది. అమ్మగారికి ఇక గండం గడిచినట్టే" అంది. రాఘవయ్యకి ఆనందంతో కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. మంచం దగ్గరికి వచ్చి సుభద్ర చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చూశావా" అన్నాడు, "తీసేశాక ఎలా తగ్గిపోయిందో."

సుభద్ర మెల్లిగా చెయ్యి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది.